పెనుకొండలో మాయమైన కీ

మా అంగడి గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను... ఇది నిజంగా జరిగింది. బేరంలో నేను వేసే ఒట్లు వేరు. వాటిని మా ఇంట్లోవాళ్లే నమ్మరు. దీన్ని మాత్రం నమ్మండి.

హిందూపురంలో మాది సిలిండర్ల అంగడి. వంటగ్యాస్ కాదు. నీళ్లనూ మట్టినీ మంటలో పెట్టి పరీక్షించే మిషన్లు ల్యాబుల్లో ఉంటాయి. వాటికి కావలసిన ఎసిటిలిన్ మేం పంపుతాం. ఆ సిలిండర్ వాల్వు తిప్పడానికి చిన్న ఇనుప కీ ఒకటి ఉంటుంది. వాడుతున్నంతసేపూ అది వాల్వు మీదే ఉండాలి. ఏమైనా అయితే క్షణంలో మూసెయ్యాలి కదా. ఈ మాట అందరికీ చెప్పేది నేనే. పాటించనిదీ నేనే. ఇచ్చిన కీలన్నీ ల్యాబుల్లో మాయమవుతుంటే నాకు కడుపుమంట.

ఆ సాయంత్రం ధర్మవరంలో ఒక ల్యాబుకు సిలిండర్ బిగించాను. వాల్వు తెరిచి, కీ పీకి జేబులో వేసుకున్నాను.

అక్కడ పరీక్షలు చేసే రేవతి చూసింది. "అన్నా, కీ ఈడే పెట్టి పో."

"పోయినసారి ఇచ్చింది యాడ పెట్టినావమ్మా? అది చూపించు, ఇది ఇస్తా."

"నీతో బేరమాడేదానికంటే గోడతో మాట్లాడేది మేలు."

గెలిచానని నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

రాత్రి పదకొండు దాటాక రేవతి ఫోన్.

"అన్నా... వెల్లుల్లి వాసన, గ్యాసే. సిలిండర్ మెడ కాడ బుస్సుమంటాండాది."

"రెగ్యులేటర్ మూయి!"

"మూసినా. వాల్వుకీ దానికీ మధ్యన కారతాండాది. కీ లేకుండా ఎట్ల మూసేది?"

జేబులోంచి కీ తీసి గుప్పిట్లో పట్టుకున్నాను.

"రాత్రి డ్యూటీలో ఉండేవాళ్లందరం బయటికొచ్చినాం. కరెంటు బయటే ఆపేసినాం. కానీ పక్క గదిలో హాట్‌ప్లేట్ ఇంకా కాలిపోతాండాది. ఫైర్ వాళ్లు బత్తలపల్లి పక్క ఇంకో మంటకి పోయినారంట. ఇంకో కీ అడుగుదామంటే వెల్డింగ్ షాపులోళ్లు ఫోనే ఎత్తల్యా."

"వస్తాండా. లోపలికి మాత్రం పోవద్దు."

"చుట్టూ మగ్గాల ఇండ్లన్నా. మంచం దిగలేని ముసలోళ్లు ఉండారు. నలభై నిమిషాలు చూస్తా. ఆ పైన కటింగ్ ప్లయర్ తీసుకుని నేనే పోతా."

కారు ఎలా నడిపానో తెలియదు. సగం దారిలో పెనుకొండ చేరేసరికి నలభై నిమిషాలు కావస్తున్నాయి. ఫోన్ చేసి ఆమెను ఆపుదామని బండి పక్కకు తీశాను. ఎందుకో జేబు తడుముకున్నాను...

కీ లేదు.

చొక్కా జేబు... ప్యాంటు జేబులు... సీటు కింద... కాళ్ల దగ్గర చాప కింద... ఫోన్ లైటు వేసి అంతా వెతికాను. లేదు. ఇంట్లో బయలుదేరేటప్పుడు గుప్పిట్లో పట్టుకుని చూసుకున్న కీ!

ఇంజన్ ఆపాను. రోడ్డు మీద ఒక్క బండీ లేదు. కొండ మాత్రం నల్లగా...

అప్పుడు వినిపించింది.

కిర్...

బిగుసుకున్న వాల్వు తిరిగే చప్పుడు. పుట్టినప్పటి నుంచి వింటున్నాను, నాకు తెలియదా?

కిర్...

కారులోనే. నా పక్క సీటులోంచి.

కిర్...

ఆగిపోయింది.

వెంటనే ఫోన్ మోగింది. రేవతి. "ఆగిపాయన్నా... ప్లయర్ పట్టుకుని గడప కాడికి పోయినా. లోపల ఎవరో తిప్పినట్ల కిర్రుమనింది. మూడు సార్లు. లోపల ఎవరూ ల్యారు కదన్నా?"

ధర్మవరం చేరాను. నిప్పురవ్వ భయంతో టార్చి కూడా వెయ్యకుండా వాల్వు తడిమి చూశాను. గట్టిగా బిగించి ఉంది. చెమట తుడుచుకుందామని రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను.

కీ ఉంది.

మంచుగడ్డలా... వెల్లుల్లి వాసనతో.

కంగారులో సరిగ్గా వెతకలేదేమో. వాల్వు దానంతటదే మూసుకుందేమో. నాకు నేనే చెప్పుకుంటాను... కుదరదు.

ఇప్పుడు ప్రతి సిలిండర్‌కూ కీని గొలుసుతో కట్టి మరీ పంపుతున్నాను. ఆ కీ మాత్రం రేవతికి ఊరికే ఇస్తానన్నాను.

"వద్దన్నా, నీ కాడే పెట్టుకో. మేము కొత్తది కొంటాం" అంది.

నేను అడగకుండానే గెలిచిన బేరం అదొక్కటే.

ఆ కీ ఇప్పుడు గల్లాపెట్టెలో ఉంది. నడి ఎండాకాలంలో ముట్టుకున్నా చల్లగానే ఉంటుంది. ఇనుము కదా... చల్లగానే ఉంటుందిలే... కదూ?