పైపు మీద శాసనం

ఈ ఉదయం కృత్తివెన్ను దగ్గర మా పొలానికి వెళ్లేసరికి, పక్కనున్న రొయ్యల చెరువు ఉప్పునీటిని మోటారు పెట్టి పంట కాలవలోకి తోడేస్తున్నారు. పైపు కదలకుండా దాని మీద ఓ రాయి పెట్టారు. కాలవ గట్టున ఏడెనిమిది వందల ఏళ్లుగా పడి ఉన్న శాసనం అది! చరిత్ర మాస్టారిని, పాత లిపి కాస్త చదవగలను.

"ఈ కాలవ నీళ్లు పాడుచేసినవాడికి గంగ ఒడ్డున ఆవుని చంపిన పాపం అని రాసుందయ్యా," అన్నాను చెరువు యజమానితో.

నవ్వాడు. "రాస్తే రాశార్లెండి మాస్టారూ. బరువుగా ఉంది, పైపుకి బాగా పనికొచ్చింది!"

నాకు ఒళ్లు మండిపోయింది. కింది పొలంవాడికి మంచినీళ్లు అందాలన్న ఇంగితం ఆనాటివాళ్లకి రాతి మీద చెక్కించేంత ఉంది. మనం ఆ రాతినే తెచ్చి పైపు మీద పెట్టాం.

గట్టు మీద ఎనిమిది మంది రైతులం ఉన్నాం. మోటారు ఆపమని ఒక్కరూ అనలేదు, నాతో సహా. మీ ఊళ్లో ఎవరైనా ఆపించి ఉంటే ఎలాగో చెప్పండి. ఎందుకంటే, శాసనం చివరి వరుస నేను పైకి చదవలేదు. చూసి ఊరుకున్నవాడికీ అదే పాపమట.