కార్డు ఉంది, కుర్చీ లేదు

ఆయన్ని అందరూ కార్డుల మావయ్య అంటారు. పేకాటరాయుడేమో అని కొత్తవాళ్లు అనుమానపడతారు గానీ, పేకలో రాజెవరో రాణెవరో కూడా ఆయనకు తెలియదు. ఎవరింట్లోనైనా వేడుక జరిగితే భోజనాల బల్ల మీద ప్రతి కుర్చీకి ఎదురుగా ఆయన ఓ చిన్న అట్టముక్క నిలబెడతాడు. దాని మీద ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషి పేరు ఉంటుంది. పేరు కింద ఆ మనిషి గురించి ఒకే ఒక్క ముక్క, చేత్తో రాసినది. ఆ ఒక్క ముక్క కోసమే జనం ఆయన్ని పిలుస్తారు. బల్లల అలంకరణ కూడా ఆయనదే అయినా, ఆయన గొప్పలన్నీ కార్డుల గురించే.

గొప్పలు చెప్పుకుంటానని ఆయనకూ తెలుసు. "నాకు రెండే విద్యలు వచ్చు. అక్షరాలు గుండ్రంగా రాయడం, నన్ను నేను మెచ్చుకోవడం. మొదటిది నేర్చుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది, రెండోది పుట్టుకతోనే వచ్చింది" అంటూ ఉంటాడు.

మొదట్లో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. మిషన్లు వచ్చి గంటలో బోర్డు అచ్చు వేసి ఇవ్వడం మొదలయ్యాక ఆయన కుంచెలు డబ్బాలోనే ఎండిపోయాయి. అప్పుడు ఓ ఫంక్షన్ హాలు మేనేజరు జాలిపడి, ఎవరిదో ఎనభయ్యో పుట్టినరోజు భోజనాలకు కుర్చీల ముందు పెట్టే పేర్లు రాయమన్నాడు. ఓ కార్డులో పేరు చిన్నదై కింద బోలెడు చోటు మిగిలింది. ఖాళీ కనిపిస్తే ఊరుకోలేని చెయ్యి కదా, ఎవరో అంటుండగా విన్న మాట దాని కింద రాసేశాడు: "చలికి ఓర్చుకోలేరు, అందుకే కిటికీకి దూరంగా." ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయన దాన్ని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, ఇంటికి పట్టుకెళ్లిపోయాడు. ఆ జేబులోంచే తన రెండో జీవితం పుట్టిందని మావయ్య లెక్క.

తర్వాత ఆ పనికో పద్ధతి కూడా పెట్టుకున్నాడు. వేడుక చేసే వాళ్లింటికి వెళ్లి, వచ్చే ఒక్కొక్కరి గురించీ మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఊరికే ఉన్నప్పుడు చేతులతో ఏం చేస్తారు? మీ ఇంటికొస్తే ఎక్కడ కూర్చుంటారు? ఏం చూస్తే మొహం విప్పారుతుంది? రిటైరైన కండక్టరుగారు దొరికిన కాగితమల్లా సన్నగా మడతపెడతారని తెలిస్తే ఆయన పళ్లెం పక్కన నాలుగు రంగు కాగితాలు ఉంటాయి. ఎవరొస్తున్నారో చూడకపోతే తోచని బామ్మగారికి గుమ్మానికి ఎదురుగా కుర్చీ పడుతుంది.

ఒకసారి మాత్రం బోల్తా పడ్డాడు. ఓ ఇంటి బావగారి కార్డు మీద "కబుర్ల మధ్యలో కునుకు తీస్తారు, గోడ పక్క కుర్చీ ఇచ్చాం" అని రాశాడు. ఆ బావగారు రెండేళ్లపాటు ఆ ఇంటి గడప తొక్కలేదు. అప్పట్నుంచి రాసిన ప్రతి కార్డూ భార్యకు చూపించాకే బల్ల ఎక్కుతుంది. అసలు సంగతి ఏమిటంటే, చూపించడం మొదలుపెట్టాక, ఏం రాయాలో ఆవిడే చెప్పడం కూడా మొదలైంది. ఆయన ప్రశ్నలు అడుగుతూ జవాబు సగంలో ఉండగానే తన గొప్పలోకి దిగిపోయేవాడు. ఆవిడ పక్కన కూర్చుని బల్లగుడ్డల కొలతలు రాసుకుంటూ అన్నీ వినేది. "ఆ కళ్లజోడు పెద్దాయనకి ఎడమ చెవి వినపడదట, కుడివైపు మనవరాల్ని కూర్చోబెట్టండి" అనేది ఇంటికొచ్చాక. పేరు ఆయనది, చూపు ఆవిడది. ఈ మాట ఆయన ఒప్పుకుంటాడు గానీ, ఎవరైనా రెండోసారి అడిగితేనే.

ఇంకో నియమం కూడా ఉంది. ఎంతమంది వస్తారో చెప్పగానే, "మిమ్మల్ని కలుపుకునే చెప్పారా?" అని అడుగుతాడు. పదిమందిలో తొమ్మిదిమంది నాలిక కరుచుకుంటారు. వేడుక చేసేవాడికి తన కుర్చీ ఎప్పుడూ గుర్తుండదని మావయ్య వాళ్ల ముందే నవ్వుతాడు. పనిచేసేవాళ్లు మాత్రం ఏ లెక్కలోకీ రారు, అది ఈ వృత్తిలో అడగక్కర్లేని సంగతి. అతిథులు వెళ్లాక, వెనక గదిలో గ్లాసులు సర్దే ప్లాస్టిక్ పెట్టెలు బోర్లించుకుని, మొగుడూ పెళ్లాం వాటి మీద కూర్చుని మిగిలింది తింటారు. పదహారేళ్లుగా అదే వరస.

ఓ మధ్యాహ్నం అలా తింటుండగా ఆవిడ మోకాలు రుద్దుకుంటూ, ఫిర్యాదులా కాకుండా మామూలుగా అంది. "ఎప్పుడైనా ఒక్కసారి ముందు గదిలో కూర్చుని తినాలండీ. వేడివేడిగా."

ఆయన కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. పాతికేళ్ల కాపురంలో ఆవిడ ఇది కావాలని నోరు తెరిచి అడిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మూడు నెలల్లో పాతికో పెళ్లిరోజు వస్తోంది. ఆ రోజు ముందు గదిలో, అందరి మధ్యా, అందరితో పాటే ఆవిడ తింటుందని అక్కడికక్కడే మాటిచ్చేశాడు. "ఆ రోజు నువ్వు ఒక్క పనికి లేచినా నా పేరు కార్డుల మావయ్య కాదు" అన్నాడు. ఆవిడ నవ్వి, ఆయన గ్లాసు కూడా తీసుకెళ్లి కడిగింది.

ఆ మూడు నెలలూ ఆవిణ్ణి పెళ్లిరోజు పనేదీ ముట్టుకోనివ్వలేదు. బల్లగుడ్డలు తనే ఇస్త్రీ చేసి, ఓ గుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆకారాన్ని గోధుమరంగులో అచ్చు దించాడు. దాని మీద పూలకుండీ పెడితే కనపడదని తీర్మానించాడు. ఆవిడ పొట్టైపోయిన బట్టలు పారేసే ముందు గుండీలు కత్తిరించి ఓ రేకు డబ్బాలో దాచేది. అమ్మాయి చిన్నప్పటి గౌను గుండీలు, ఆవిడ తమ్ముడి పాత చొక్కా గుండీలు, తన చొక్కాల గుండీలు అందులోంచి ఏరి, చేతిగుడ్డకొకటి చొప్పున దారంతో కట్టాడు. నిజం చెప్పాలంటే అది మంచి ఆలోచనే.

కార్డులు ముప్పై ఆరు, పది రోజుల్లో అయిపోయాయి. ముప్పై ఏడోదే కదల్లేదు. అది ఆవిడది. మూడు ప్రశ్నలు తనకు తనే వేసుకున్నాడు. ఊరికే ఉన్నప్పుడు చేతులతో ఏం చేస్తుంది? ఊరికే ఉన్నదెప్పుడు? ఎక్కడ కూర్చుంటుంది? ఎంత గుర్తు చేసుకున్నా ఆవిడ ఇంట్లో ఓ చోట కూర్చుని ఉన్న బొమ్మ కళ్లకు కట్టలేదు. మూడోదాని దగ్గర ఆగిపోయి, మూడింటినీ దొంగచాటుగా ఇంకొకళ్లని అడగడం మొదలుపెట్టాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే. మందుల షాపులో పనిచేసే కూతురు ఆలోచించి ఆలోచించి, "అమ్మ కూర్చోవడం నేనెప్పుడు చూశాను నాన్నా, నువ్వు చూసుంటే చెప్పు" అంది. బావమరిది చిన్నప్పుడు తన అక్కకి గేటు పట్టుకుని ఊగడం ఇష్టమని చెప్పాడు. ఇక హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన ఆవిడ అక్క, పెద్ద వదినైతే, పాతికేళ్లు చదివిన పాఠం పరీక్షనాడు పక్కవాణ్ణి అడుగుతున్నావా అని ఫోన్లోనే బెంచీ ఎక్కించినంత పని చేసింది. చివరికి కార్డు మీద ఆవిడ పేరొక్కటే మిగిలింది. అయినా బల్లల దగ్గర నిలబడితే ఆ ఒక్క ముక్కా అదే తడుతుందని ధైర్యం చెప్పుకుని, దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ రోజు పొద్దున ఇంటి వెనక వీధిలోని హాల్లో కుర్చీలు వేయించాడు. మేనేజరు ఎందుకైనా మంచిదని ఇంకో అయిదు వేయమంటావా అని అడిగితే వద్దన్నాడు. ఖాళీ కుర్చీ కనిపిస్తే వేడుక కళ తప్పుతుందని ఆయన సిద్ధాంతం. ముప్పై ఆరు, మూడుసార్లు లెక్కపెట్టానన్నాడు. మేనేజరు మిగతా కుర్చీలన్నీ వేరే చోటికి బండి ఎక్కించేశాడు.

పన్నెండున్నరకు అందరూ వచ్చారు. ఎవరి కార్డు వాళ్లు చదువుకుని, పక్కవాళ్లది లాక్కుని చదివి, ఒకటే నవ్వులు. బావమరిది తన చేతిగుడ్డకున్న నీలం గుండీని గుర్తుపట్టి, ఇది మా అక్క నాకు కుట్టిన చొక్కాదే అని బల్లంతా తిప్పి చూపించాడు. మావయ్య వరసల మధ్య తిరుగుతూ, వచ్చిన ప్రతి మెప్పునూ కాదనకుండా పుచ్చుకున్నాడు. తను నిలబడే ఉన్నానన్న స్పృహ ఆయనకు లేదు, ఎందుకంటే వేడుకల్లో ఆయన ఎప్పుడూ నిలబడే ఉంటాడు.

వడ్డన మొదలైంది. పళ్లేల మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. అప్పుడు పెద్ద వదిన తల తిప్పి చుట్టూ చూసి, "ఏం మరిదీ, మా చెల్లెలేదీ?" అని అడిగింది.

ఆయన చూశాడు. ఆవిడ చివరి వరసలో ఉంది. ఆయన కొనిపెట్టిన కొత్త బట్టల్లో, భుజం మీద తువ్వాలు వేసుకుని, జగ్గుతో గ్లాసుల్లో నీళ్లు పోస్తోంది. ముందు ఆయనకు ఒళ్లు మండింది. మూడు నెలలు తను పడ్డ పాట్లు ఏమయ్యాయి? గబగబా వెళ్లి ఆవిడ చేతిలోంచి జగ్గు లాక్కుని, కూర్చోమన్నానా లేదా అని గట్టిగానే అడిగాడు.

ఆవిడ కోపగించుకోలేదు. మెల్లగా అంది. "ఎక్కడండీ?"

ఆయన కుర్చీ కోసం చూశాడు. తర్వాత వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. ముప్పై ఆరు కుర్చీలు, ముప్పై ఆరుగురు మనుషులు. కూతురు కూడా మందుల షాపు ఉద్యోగి కాబట్టి అతిథుల్లోకి వచ్చింది. తామిద్దరూ పనివాళ్లు, పనివాళ్లు లెక్కలోకి రారు. మూడుసార్లు లెక్కపెట్టి మూడుసార్లూ తప్పకుండా ఆవిణ్ణి వదిలేశాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

సంగతి అర్థమై పదిమంది ఒకేసారి లేచారు. లేస్తే ఎవరి కార్డు ముందు ఎవరు కూర్చోవాలి? ఆవిడ అందర్నీ భుజం నొక్కి కూర్చోబెట్టేసింది, నాకు ఆకలిగా లేదంటూ. ఆ అబద్ధం వినగానే ఆయనకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వెనక గదిలోకి వెళ్లాడు. అక్కడున్నవి గ్లాసుల పెట్టెలే. ఒకదాన్ని దులిపి, మోసుకొచ్చి, బల్ల మొదట్లో బోర్లించి, ఆవిడ చెయ్యి పట్టుకుని దాని మీద కూర్చోబెట్టాడు. బల్ల ఆవిడ గడ్డం దాకా వచ్చింది. ఆయన జేబులోంచి కార్డు తీసి పళ్లెం ముందు నిలబెట్టాడు.

పక్కనే ఉన్న పెద్ద వదిన దాన్ని తీసి చదివింది, వెనక్కి తిప్పి కూడా చూసింది. "పేరు తప్ప ఏమీ లేదేం?"

హాలంతా వింటోంది.  ఆయన గొప్పలు పక్కనపెట్టి ఉన్నదే చెప్పేశాడు. "నాకు తెలీదు వదినా. అందరి గురించీ నాకు చెప్పేది ఈవిడే. ఈవిడ గురించి చెప్పేవాళ్లే దొరకలేదు. అసలు ఎక్కడ కూర్చుంటుందో కూడా నేను చూళ్లేదు."

ఆవిడ తల ఎత్తి చూసింది. "చూడకపోవడం ఏంటండీ? పదహారేళ్లుగా దీని మీదే కదా మీ పక్కన కూర్చుంటున్నాను."

ఆయనకు ఒక్కసారిగా వెనక గదులన్నీ గుర్తొచ్చాయి. రెండు పెట్టెలు, రెండు పళ్లేలు. ఏ అతిథి ఏ కార్డు చదివి ఏమన్నాడో, ఎవరు జేబులో పెట్టుకున్నారో తను చెప్పుకుపోతుంటే, పక్కన తింటూ వినే మనిషి. పళ్లెంలో ఏముందో, అది చల్లారిందో లేదో, ఆవిడ మోకాలు ఎప్పట్నుంచి నొప్పి పెడుతోందో ఒక్కనాడూ తల తిప్పి చూడలేదు. ఊరందరూ ఎక్కడ కూర్చుంటారో అడిగి తెలుసుకున్నవాడు, తన మోచేతికి తగులుతూ కూర్చున్న మనిషిని చూడలేదు. ఇంకెవరైనా ఈ పని చేసుంటే వాళ్ల కార్డు మీద ఏం రాసేవాడో ఆయనకు బాగా తెలుసు.

జేబులోంచి కలం తీశాడు. ఆవిడ ఆ చేతిని పక్కకు నెట్టింది.

"తర్వాత రాద్దురు గానీ, మీరెక్కడ కూర్చుంటారు? పెట్టె ఒక్కటే తెచ్చారు."

ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నాడు. నిజమే. అప్పుడు కూడా తనను కలుపుకోలేదు. బల్లంతా గొల్లుమంది, అందరికంటే పెద్దగా పెద్ద వదిన. ఆవిడ నవ్వకుండా పెట్టె మీద ఓ పక్కకు జరిగింది. ఇద్దరు కూర్చోవడానికి అది చాలదు. సగం గాల్లో, సగం పెట్టె మీద ఆయన సర్దుకున్నాడు. కూతురు ఇంకో పళ్లెం తెచ్చి పెట్టింది.

అలవాటు కొద్దీ ఆయన నోరు తెరిచాడు, నీలం గుండీ చూసి బావమరిది ఏమన్నాడో చెబుదామని. సగంలో ఆపేసి, తల తిప్పి ఆవిడ పళ్లెం వైపు చూశాడు.

"వేడిగా ఉందా?"

"ఉంది. మాట్లాడకుండా తినండి."

ఆయన తిన్నాడు.