ఓటేసి నిలదీసిన రాజవ్వ

మొన్న కరీంనగర్ బస్‌స్టాండులో జగిత్యాల బస్సు కోసం బెంచీ మీద కూర్చుని ఉంటే, పక్కనున్నామె తడి గోనెపట్టా మూట విప్పి లోపలి బీడీల తునికాకు కట్టలను తిరగవేసింది. నానిన ఆకు వాసన, దాని వెనకే తంబాకు ఘాటు ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. రెండుసార్లు తుమ్మాను. "అలవాటు లేదా సారూ" అంటూ ఆమె మూటను అవతలికి జరుపుకుంది. అలవాటు లేకేం. నా పడుచు వయసులో మూడేళ్ళు ఆ వాసన మధ్యనే గడిచాయి. అది సోకినప్పుడల్లా రాజవ్వ నా ఎదుట అరుగు మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఒళ్ళో చాట, చేతిలో కత్తెర, తల ఎత్తకుండానే మనిషిని నిలదీసే ఆ గొంతు. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు దాదాపు ఎవరూ మిగల్లేదు. అందుకే రాస్తున్నాను.

అరవై రెండు ఎన్నికలకు ముందు సంగతి. నేను బీయే ముగించి, ఉద్యోగం వద్దనుకుని, ఎర్రజెండా పార్టీలో పూర్తికాలం కార్యకర్తగా చేరాను. నర్సింహులు అనే నా పేరు కన్నా కార్యకర్త అనే మాటే నాకు అప్పట్లో ముద్దుగా ఉండేది. జగిత్యాలకు పది మైళ్ళ దూరంలోని ఒక చిన్న పట్నానికి నన్ను పంపారు. అక్కడ సగం ఇళ్ళలో మగ్గాలు. మగ్గం ఉన్న ప్రతి ఇంటి అరుగు మీదా ఆడవాళ్ళు బీడీలు చుట్టేవారు. ఆ నేతగాళ్ళ వాడకట్టు మనదేనని, రాజవ్వ అనే ఆమెను కలిస్తే చాలు ఓట్లు అవే పడతాయని జిల్లా కార్యదర్శి చెప్పాడు. అంతకు మించి ఆమె గురించి చెప్పాలని ఆయనకు తోచలేదు. ఆమె పెనిమిటి రాజలింగం నేతపని చేసేవాడని, సాయుధ పోరాటం రోజుల్లో అడవిలోని దళాలకు అన్నం మోసేవాడని, పోలీసు చర్య తర్వాత అతన్ని పట్టుకుపోతే జైల్లోనే జబ్బుచేసి చనిపోయాడని నాకు ఇరుగుపొరుగు వాళ్ళు చెప్పారు. శవాన్ని కూడా ఇంటికి పంపలేదట. ఆమె మాత్రం ఆ సంగతి నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. మగ్గం అమ్మేసి, బీడీలు చుట్టడం నేర్చుకుని, ఒక్కగానొక్క బిడ్డను పెంచి నిర్మల్ వైపు ఇచ్చి పెళ్ళి చేసింది.

మొదటిరోజు నేను ఆమె అరుగు ముందు నిలబడి, నేర్చుకున్న ఉపన్యాసమంతా చెప్పాను. భూమి సంగతి, కూలి సంగతి, ప్రభుత్వం సంగతి. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక తుంగచాప చూపించి కూర్చోమంది.

"ఓటు అడుగవచ్చినవా బిడ్డా? ఓటు ఎప్పుడో మీదే. డబ్బాలల్ల చీటీలేసిన కాడినుంచి మీకే ఏస్తున్న. మాట అడుగవచ్చినోడు మాత్రం ఇయ్యాల్టిదాక ఒక్కడు లేడు."

ఏ మాట అని అడిగాను. అప్పుడు చెప్పింది. ఆ ఎన్నికల్లో మా పార్టీ నిలబెట్టిన అభ్యర్థి ఆ పక్క ఊరి దొరకు అల్లుడు. రాజలింగం, అతని తోటివాళ్ళు కలిసి ఏ దొర గడీలోని ధాన్యపు గిడ్డంగి తెరిచి ఊరికి పంచారో, ఆ దొరకే అల్లుడు. పాలకపార్టీలో టికెట్టు రాక అలిగి మా వైపు వచ్చాడు. గెలిచే మనిషి అని మావాళ్ళు అతన్ని తలకెత్తుకున్నారు. నేను ఆమెకు ఎత్తుగడల గురించి, సర్దుబాట్ల గురించి వివరించి, ఇది జిల్లా కమిటీ నిర్ణయమని ముగించాను.

"జిల్లా కమిటీ అన్నవు. మా వాడకట్టు జిల్లాల లేదా?" అని అడిగింది.

ఆ సాయంత్రం పార్టీ ఆఫీసులో ఆ మాటను హాస్యంగా చెప్పాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పోలింగు రోజు ఆమె వాడకట్టు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని బడికి నడిచి వచ్చింది. ముద్ర గుద్దడం అప్పట్లో కొత్త. ఎట్లా గుద్దాలో, కాగితం ఎట్లా మడవాలో దారిపొడవునా వాళ్ళకు చెబుతూనే ఉంది. దొర అల్లుడికే ఓటేసింది, వేయించింది. బయటికి వచ్చి పంపు దగ్గర చెయ్యి కడుక్కుంటూ, వేశాను గానీ చెయ్యి మండుతున్నదని నాతో అన్నది. అతను గెలిచాడు. ఊరేగింపు రోజు ఆడవాళ్ళు హారతి పళ్ళాలతో వాడ మొదట్లో నిలబడ్డారు. అతని జీపు వాడలోకి తిరగకుండా నేరుగా వెళ్ళిపోయింది. రాజవ్వ ఆ గుంపులో లేదు. నేను తలవంచుకుని ఆమె అరుగు దాకా వస్తే, ఆకు ఎండిపోతుంది, వాళ్ళను లోపలికి రమ్మని చెప్పు అని మాత్రం అంది.

ఇంత కోపమున్న మనిషి దగ్గరికి నేను రోజూ ఎందుకు వెళ్ళానో అప్పుడు నాకు తెలియదు. మధ్యాహ్నాలు పార్టీ పత్రిక చదివి వినిపించేవాణ్ణి. ఆమెకు చదువు రాదు. వాడలోని ఏడెనిమిది మంది చాటలు తెచ్చుకుని అక్కడికే చేరేవారు. నోరు తిరగని మాట వచ్చినప్పుడల్లా ఆమె కత్తెర ఆపేది. అది ఏంది అని అడిగేది. మన మాటల్లో చెప్పగలిగితే సరే, లేకపోతే "అది రాసినోనికి గూడ తెల్వదు తియ్, ముందల చదువు" అనేది. నెల తిరిగేసరికి నా ఉపన్యాసాలు సగానికి సగం కుదించుకుపోయాయి. వినేవాళ్ళు మాత్రం పెరిగారు. చదువుకున్న నాకు మాట్లాడడం నేర్పింది చదువు రాని ఆ మనిషే.

మరుసటి ఏడు వానాకాలంలో బీడీ కార్మికుల సమ్మె వచ్చింది. ఆడవాళ్ళు చుట్టి తెచ్చిన బీడీలను కార్ఖానాలో చెకర్ అనే గుమాస్తా చూసేవాడు. బాగాలేవని దోసెడు దోసెడు తీసి పక్కన గంపలో పడేసేవాడు. వాటికి కూలి ఉండదు. కానీ ఆ బీడీలు చెత్తలోకి పోయేవి కావు, మిగతావాటితో కలిసి బజారుకే పోయేవి. ఈ సంగతి అందరికీ తెలుసు. రాజవ్వ అడిగించిన కోరిక ఒక్కటే. తీసేసిన బీడీలను మా కండ్ల ముందర విరిచెయ్యాలి. విరవలేనివి తీసెయ్యకూడదు. కూలి పెంచమనే కోరిక ఆ తర్వాత మేము చేర్చింది. ఇంటింటికీ పొయ్యి వెలిగించడమే కష్టమైన రోజులవి. మక్కజొన్న రవ్వతో గటక వండి ఒక్క కుండ నుంచే నాలుగిళ్ళు పంచుకునేవి. అయినా రెండు వారాలు ఒక్క చాట కదల్లేదు.

మూడోవారంలో కరీంనగర్‌లో చర్చలు జరిగాయి. యజమానులు, మా జిల్లా కార్యదర్శి, దొర అల్లుడైన శాసనసభ్యుడు కూర్చున్నారు. నేను గోడ పక్కన కూర్చున్నాను. కూలి కొద్దిగా పెంచుతామన్నారు. బీడీలు విరిచే సంగతి ఎత్తగానే యజమానులు లేవబోయారు. మా కార్యదర్శి ఆ షరతు వదిలేసి సంతకం పెట్టాడు. నేను నోరు తెరవలేదు. ఆ ఒప్పందం చెప్పి, సమ్మె విరమింపజేసి రమ్మని నన్నే పంపారు.

మర్నాడు పొద్దున పద్మశాలి సంఘం రేకుల షెడ్డులో ఆడవాళ్ళంతా కూర్చుని ఉండగా చదివి వినిపించాను. విజయం అనే మాట కూడా వాడాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రాజవ్వ లేచి నిలబడింది.

"నర్సిం, నువ్వు గా సంతకం పెట్టిన అర్రల ఉన్నవా?"

ఉన్నానన్నాను.

"విరిచే ముచ్చట ఇడిసిపెట్టినప్పుడు?"

అప్పుడూ ఉన్నానన్నాను. ఆమె ఆడవాళ్ళ వైపు తిరిగి, ఈ కాగితం సమ్మతమైనవాళ్ళు చెయ్యి ఎత్తండని అడిగింది. షెడ్డులో ఒక్క చెయ్యి లేవలేదు. సమ్మె మనదే గనుక మనమే నడుపుకుందామని చెప్పి, నా వైపు చూసి, కూర్చుంటే కూర్చో, పోతే పో, అడ్డం మాత్రం రాకు అంది. నేను కూర్చున్నాను. నా జీవితంలో నేను తీసుకున్న మంచి నిర్ణయాలలో అది మొదటిది. అదీ నా తెలివి కాదు, ఆమె నేర్పిందే.

పార్టీ లేకుండా మరో ఆరు రోజులు నడిచింది. ఆడవాళ్ళు కార్ఖానా గేటు ముందు వానలో గోనెసంచులు కప్పుకుని కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళు పాటలు పాడలేదు, నినాదాలివ్వలేదు. ఆరో రోజు యజమాని బయటికి వచ్చి, తీసేసిన బీడీలు ఇకనుంచి గంపలో వేయక అక్కడికక్కడే విరిచేస్తామని ఒప్పుకున్నాడు. ఆ వారం చెకర్ చేతులు ఎంత నెమ్మదిగా పనిచేశాయో చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు.

పార్టీ నాకు సంజాయిషీ నోటీసు ఇచ్చింది. పత్రికలో మాత్రం జిల్లా నాయకత్వపు దక్షత వల్ల బీడీ కార్మికుల విజయం అని వార్త వచ్చింది. అది కూడా నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. రాజవ్వ మొదట నవ్వింది, తర్వాత ఉత్తరం రాయమంది. ఆమె చెప్పినట్టే రాశాను. "మీరు రాసింది అబద్ధం. మీరు ఒద్దన్నంక మేం గెలిచినం. అబద్ధం చెప్పుటానికి వాళ్ళ పేపర్లు మస్తుగున్నయి, మన పేపర్ గూడ ఎందుకు?" కింద వేలిముద్ర వేసింది. అచ్చు కాలేదు. రెండోసారి రాయించింది. అదీ కాలేదు. మూడోసారి నేనే, ఎందుకవ్వా ఈ పరేషాన్ అన్నాను. అచ్చెయ్యకపోయినా ఎవడో ఒకడు చదవక తప్పదు కదా అంది.

అరవై నాలుగులో పార్టీ రెండుగా చీలింది. రెండు వర్గాలవాళ్ళూ వారం తేడాతో ఆమె అరుగెక్కారు. ఆమె ఎటు ఉంటే వాడకట్టు అటు ఉంటుందని అందరికీ తెలుసు. మొదటివాళ్ళు రష్యా గురించి, రెండోవాళ్ళు చైనా గురించి చెప్పారు. ఇద్దరినీ ఆమె ఒకే ప్రశ్న అడిగింది. బీడీలు చుట్టేవాళ్ళ విషయంలో మీకూ వాళ్ళకూ తేడా ఏమిటి అని. ఇద్దరూ మళ్ళీ రష్యా, చైనాల దగ్గరికే వచ్చారు.

"మా చాటలకు ఆకు రష్యా నుంచి రాదు బిడ్డా, చైనా నుంచీ రాదు. ఆదిలాబాద్ అడవినుంచి వస్తది. గా అడవి ఆకు గురించి మాట్లాడేటోడు మీ రెండు దిక్కుల ఎవడన్న ఉంటే తోలుండ్రి" అని పంపేసింది.

నేను అప్పటికే విసిగిపోయి ఉన్నాను. రెండింటిలోనూ చేరకుండా హైదరాబాద్ వెళ్ళి లా చదువుకున్నాను. వెళ్ళే ముందు ఆమెకు చెబితే, నన్ను పొగుడుతుందనుకున్నాను. నువ్వు అలిగిపోతే వాళ్ళకు ఇంక అడ్డం ఎవరని కోప్పడింది.

అరవై ఏడు ఎన్నికలకు వచ్చేసరికి నేను కరీంనగర్ కోర్టులో జూనియర్ వకీలును. మా నియోజకవర్గంలో రెండు ఎర్ర పార్టీల అభ్యర్థులు ఒకరి మీద ఒకరు నిలబడ్డారు. నా ఓటు ఇంకా ఆ పట్నంలోనే ఉంది, వేయకూడదనుకున్నాను. ఆ మాట చెప్పడానికే అన్నట్టు అక్కడికి పోయాను. రాజవ్వ చీర మార్చుకుని బయలుదేరుతూ ఉంది. ఇద్దరిలో ఎవరికని అడిగితే చెప్పలేదు. ఇంతకాలం తిట్టీ తిట్టీ మళ్ళీ ఎట్లా వేస్తావని అడిగాను.

"కోపమున్నదంటే ఈ ఎర్రజెండా ఇంకా నాదే అనుకుంటున్ననన్నట్టు. గా సర్కారు నడిపే దొరల పార్టీ మీద నాకేం కోపం? అదెట్లుండాల్నో అట్లనే ఉన్నది. నడువు, ఎండైతది."

ఆమె వెంట నడిచి వెళ్ళి నేనూ వేసి వచ్చాను.

ఏడాది తిరిగేసరికి ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇరవై ఏళ్ళ తంబాకు దుమ్ము. కబురు అందుకుని వెళ్ళాను. బిడ్డ నిర్మల్ నుంచి వచ్చి తలాపున కూర్చుని ఉంది. నాకు కోర్టులో మంచి పేరు వస్తున్నదని చెప్పాను. ఆమె అది విన్నట్టు లేదు. జగిత్యాలలో కొత్త కంపెనీ పెట్టారట, అక్కడి ఆడవాళ్ళు ఏమంటున్నారని అడిగింది. నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. "తెలుసుకోని రా" అంది, ఊపిరి తీసుకుంటూ.

మర్నాడే వెళ్ళి రెండు రోజులు వాళ్ళ అరుగుల మీద కూర్చున్నాను. అక్కడ ఆకు తక్కువ ఇచ్చి బీడీలు ఎక్కువ రావాలంటున్నారు. అడిగిన ఆమెను పనిలోనుంచి తీసేశారు. అంతా రాసుకుని మూడోరోజు తిరిగి వచ్చేసరికి రాజవ్వ పోయింది. దహనం కూడా ముందురోజే అయిపోయింది. వాకిట్లో ఆడవాళ్ళు చాటలు లేకుండా ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డాను. వాళ్ళలో ఒకామె, అవ్వ నిన్ను ఎటో తోలిందట కదా, ఏమన్నారు వాళ్ళు అని అడిగింది.

కూర్చుని అంతా చెప్పాను. వాళ్ళు మధ్యమధ్య ఆపి అడిగారు, నేను జవాబు చెప్పాను. తెలియనివి తెలియవన్నాను. ఆ తీసేసిన ఆమె కేసే నేను కార్మికుల తరఫున వాదించిన మొదటి కేసు. ఆ తర్వాత నలభై ఏళ్ళు అదే పని చేశాను. యజమానులు ఒప్పంద కాగితం నా ముందు పెట్టిన ప్రతిసారీ ఒక రోజు గడువు అడిగేవాణ్ణి. వకీలుకు తన మీదే నమ్మకం లేదని కొందరు నవ్వేవారు. నేను ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఆ గదిలోకి రాలేనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళేవాణ్ణి.