గుడ్డులో మాత్ర

రేగొండలో బట్టలు కుట్టే స్వరూప రెండేళ్లుగా తన కుక్కకు ఉడికించిన గుడ్డులో పెట్టి స్టెరాయిడ్ మాత్ర ఇస్తోంది. దాని రక్తాన్ని దాని ఒళ్లే తినేసే రోగం అది. మాత్ర ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పని భూపాలపల్లి పశువుల డాక్టరు మరీ మరీ చెప్పాడు. అయ్యప్ప మాల వేసుకున్న భర్త సదానందానికి ఆ మాట నాలుగుసార్లు చెప్పి, మాత్రలు అప్పజెప్పి, నాలుగు రోజులకని ఆమె దేవరుప్పులలోని తల్లిగారింటికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి కుక్క గోడవారన లేవలేక పడి ఉంది. చిగుళ్లు సున్నంలా తెల్లబడ్డాయి. మాత్రల డబ్బాను ముట్టినట్టే లేదు.

"మాలున్న ఇంట్ల గుడ్డెట్ల ఉడకబెడ్తరు?" అన్నాడు సదానందం, నుదుటి విభూతి సవరించుకుంటూ.

"మాల నువ్వేసుకున్నవ్ స్వామీ. కుక్కకెవరేసిండ్రు? జర బెల్లంల పెట్టియ్యరాకపోయెనా?"

"గంత తెలివి నాకు తట్టలే."

"ఊరంత ఇనబడేటట్టు శరణుఘోష పెట్టుడైతే మంచిగ ఎరుక."

డాక్టరు వచ్చి సూది వేశాడు. పొద్దుగూకేదాకా ఉంటే గొప్పేనని చెప్పి వెళ్లాడు. ఆ మాట చెవిన పడగానే సదానందం చాప చుట్టి చంకన పెట్టుకున్నాడు. ఇంట్లో చావు జరిగితే దీక్షకు మైల అంటుతుందట, అందుకని గుడిలో పడుకుంటాడట. స్వరూప ఆపలేదు. చెప్పుల్లేని ఆ కాళ్లు ఎంత చురుగ్గా నడుస్తున్నాయో ఒక్కసారి చూసి, తలుపు వేసి, కుక్క తలను ఒళ్లోకి తీసుకుంది.