మా చిన్నమ్మ హోటల్లో గుండ్రటి బల్ల

ఆ కాలంలో మా దిక్కు చాయ్ దొరకడం కష్టం కాదు, ఆ చాయ్ ఎక్కడ కూర్చుని తాగాలన్నదే కష్టం. కోరుట్లలో గానీ జగిత్యాలలో గానీ ఏ హోటల్‌కు పోయినా గోడకు ఆనుకున్న బెంచీ ముందు నిండేది. వీపు గోడకు, కళ్లు రోడ్డుకు. కొత్త మనిషి కనిపిస్తే మాట ఆగిపోయేది, ఆ మనిషి వెళ్లిపోయాక కూడా వెంటనే మొదలయ్యేది కాదు. పోలీసులకు ఊళ్ల మీద అనుమానం. అన్నలకు (అడవిలో ఉండే పార్టీ వాళ్లను మేము అన్నలనే వాళ్లం) పోలీసులకు కబుర్లు మోసే వాళ్ల మీద అనుమానం. మాకు ఇద్దరి మీదా అనుమానమే, చాలనట్టు ఒకరి మీద ఒకరికి కూడా. అంత అనుమానం నడుమ పుట్టి పెరిగిన నాకు, జనం గోడవారగా ఎందుకు కూర్చుంటారో తట్టలేదంటే కారణం ఒక్కటే. నేను అప్పుడే జగిత్యాలలో వడ్రంగి కోర్సు పాసై వచ్చాను.

మాది కల్లుగీసే ఇల్లు. మా చిన్నబాపు, అంటే బాబాయి, తాడిచెట్టు మీది నుంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇక చెట్టెక్కే మోకు ముట్టొద్దని డాక్టరు చెప్పేశాడు. దాంతో మా చిన్నమ్మ పాలిచ్చే బర్రెను అమ్మి, కోరుట్ల నుంచి మల్లాపూర్ పోయే తోవలో చాయ్ హోటల్ పెట్టింది. (బర్రెను అమ్మేసి రోజూ పాలు కొనుక్కునే హోటల్ పెట్టిన మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే అయి ఉంటుంది. ఆ మాట ఆమె ముందు అనే ధైర్యం నాకెన్నడూ రాలేదు.) హోటల్ అంటే నాలుగు దిక్కులా తెరిచి ఉన్న రేకుల పందిరి, నడుమ ఒక లావుపాటి గుంజ. ముందు రోడ్డు, వెనక మక్కచేను. గోడ అన్నది లేదు. ఆ హోటల్ నడిస్తే ఇల్లు నడుస్తుంది, లేదంటే ఇద్దరు ఆడపిల్లలను బడి మాన్పించి బీడీలకు కూర్చోబెట్టాలి. చిన్నమ్మకు అదొక్కటే భయం.

"బల్లలు నువ్వే చెయ్యాలె కొడుకా. వచ్చినోళ్లకు లేవబుద్ధి కావద్దు" అన్నది.

మా కోర్సులో డ్రాయింగు చెప్పే సారు ఒకాయన ఉండేవాడు. మనుషులను ఎదురెదురుగా కూర్చోబెడితే మాటలు పుడతాయి, వస్తువే మనిషిని మారుస్తుంది అని ఊగిపోతూ చెప్పేవాడు. నేను దాన్ని ఇంకో మెట్టెక్కించాను. మాటలు పెరిగితే చాయ్‌లు పెరుగుతాయి కదా! పైగా గుండ్రంగా కూర్చుంటే పై చోటు, కింది చోటు ఉండవు. పటేలు రాగానే లేచి ఖాళీ చేయాల్సిన కుర్చీ ఉండదు. ఒకే బల్లతో ఇటు వ్యాపారం, అటు సమానత్వం! గుంజను నడిమికి పెట్టి దాని చుట్టూ గుండ్రటి బల్ల, ఆ బల్ల చుట్టూ గుండ్రటి బెంచీ, అంతా వేపకట్టెతో చేశాను. కట్టెను నున్నగా చేసే రందా పట్టీ పట్టీ చేతులు బొబ్బలెక్కాయి. చిన్నబాపు మంచంలోంచే తొంగి చూసి, "గిదేందిరా, గానుగ లెక్కున్నది" అన్నాడు. ఆయనకు కళాదృష్టి లేదనుకున్నాను.

హోటల్ తెరిచిన రోజు మొదటి గిరాకీ వచ్చాడు. బల్లను చూశాడు. దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఎక్కడ కూర్చున్నా వీపు రోడ్డుకైనా ఉంటుంది, చేనుకైనా ఉంటుంది. నిలబడే చాయ్ తాగి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన వాళ్లూ అంతే. ధైర్యం చేసి కూర్చున్న ఒకరిద్దరు గుక్కకోసారి మెడ తిప్పి చూసుకుంటూ చాయ్ అంగీ మీద పోసుకున్నారు. లేవబుద్ధి కాకుండా చేయమంటే, నేను కూర్చోబుద్ధే కాకుండా చేశాను.

అది చాలదన్నట్టు జీపులో ఎస్సై దిగాడు. గుంటూరు దిక్కు మనిషి.

"ఎవడ్రా దీన్ని చేసింది?"

"నేనే సార్."

"రౌండుగా కూర్చుని ఏం చేస్తారు?"

"మాట్లాడుకుంట చాయ్ తాగుతరు సార్."

"అంటే మీటింగ్!"

"కాదు సార్, చాయే!"

ఆయన వంగి బల్ల కింద లాఠీతో తట్టి చూశాడు. "నీ మీద ఒక కన్నేసి ఉంచుతా" అని వెళ్లిపోయాడు. ఆ వారంలోనే ఒకరోజు మబ్బుల, ఇంకా తెల్లారకముందే, చేను గట్టు మీది నుంచి సంచీ వేసుకున్న ఒకాయన వచ్చాడు. ఎవరో అడగనక్కర్లేదు. "రోడ్డు మీదికి అందరి మొకాలు మంచిగ కనవడేటట్టు చేసినవ్. గిట్ల చెయ్యమని ఎవలు చెప్పిండ్రు తమ్మీ?" అని చాలా మెత్తగా అడిగాడు. 'మా డ్రాయింగు సారు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పాపం, పిల్లలు గల సారు. గుటుక్కున మింగేసి, "నా సొంత తెలివే అన్నా" అన్నాను. ఆయన నా ముఖం చూసి ఆ మాట నమ్మినట్టే కనిపించాడు.

ఇంతలో గిరాకీ పూర్తిగా పడిపోయింది. "పిల్లలకు బీడీల చాట కొనుడేనా ఇగ?" అని చిన్నమ్మ పొయ్యి ముందు కళ్లు తుడుచుకుంటుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఆ బల్లను పొయ్యిలో పెట్టేద్దామనుకున్నాను, నిజంగా.

అప్పుడు వచ్చాడు పటేలు. రుద్రంగి దిక్కు ఊళ్లో పెద్ద భూస్వామి, అన్నల భయానికి ఊరు విడిచి కోరుట్లలో బియ్యం మిల్లు పెట్టుకున్నాడు. ఆయనకు మోకాళ్లు వంగవు. నా బెంచీకీ బల్లకూ మధ్య కాళ్లు దూర్చలేక విసుక్కుని, ఏకంగా బల్ల మీదే కూర్చుని గుంజకు వీపు ఆనించాడు. పాదాలు బెంచీ మీద. పాపం, మోకాళ్ల నొప్పి, అంతే సంగతి. కానీ చూసిన వాళ్లు ఊరుకుంటారా? "పటేలు గట్లెందుకు కూసున్నడంటవ్? ఆయనకేదో తెల్సింది" అని గుసగుసలు. మరునాటికల్లా నలుగురు గుంజ చుట్టూ బల్లెక్కి, వీపులన్నీ లోపలికి, ముఖాలన్నీ బయటికి పెట్టి కూర్చున్నారు. వెనక ఏముందోనన్న బెంగ ఎవరికీ లేదు, వెనక ఇంకొకడి వీపే ఉంది!

నా ఒళ్లు మండిపోయింది. "అది బల్ల! కూసునేది కింద!" అని అరిచాను.

చిన్నమ్మ గంటె ఎత్తింది. "నోర్ముయ్యి! కూసుంటున్నరు గదా, యాడ కూసుంటే నీకేంది?"

ఇక చేసేదేముంది? బెంచీని పీకేశాను. బల్లను కిందికి దించి, గుంజ చుట్టూ తల దాటేంత ఎత్తు పలకలు కొట్టి వీపులకు ఒరుగు పెట్టాను. హోటల్ పట్టలేనంత జనం! తమాషా ఏమిటంటే, మా వాళ్లకు ఎదురుగా ఎన్నడూ కూర్చోని పటేలు, అప్పటికి మంచం దిగిన మా చిన్నబాపుతో ఒకే పలకకు అటొకరు ఇటొకరు ఒరిగి వడ్ల ధర మీద, వానల మీద మాట్లాడేవాడు. ముఖాలు కనబడకపోతే మాటలు ఎంత సాఫీగా వస్తాయో! నా సమానత్వం వెనక వైపు నుంచి వచ్చిందన్న మాట.

ఒక మధ్యాహ్నం ఆ సంచీ అన్న వచ్చి చేను వైపు కూర్చున్నాడు. చాయ్ ఇంకా సగం కాలేదు, ఎస్సై జీపును మలుపు దగ్గరే ఆపి, నడుచుకుంటూ వచ్చి రోడ్డు వైపు కూర్చున్నాడు. నడుమ నేను కొట్టిన పలక. తుపాకీ పేలితే హోటల్ లేదు, మేమూ లేము.

ఎస్సై గొంతు తగ్గించాడు. "వెనకాల ఎవరు?"

చిన్నమ్మ గ్లాసు అందిస్తూ వంగింది. "సిరిసిల్ల చీరలాయన సారూ, మూట దగ్గరున్నది."

"చీరలా? మా ఆవిడకి చూద్దామా?"

చిన్నమ్మ మూతి విరిచింది. "వద్దు సారూ, నాసిరకం. ఒక్క ఉతుకుకే రంగు పోతది."

ఆమె చేను వైపుకు వచ్చేసరికి అన్నకు ఖాకీ మోచేయి కనబడనే కనబడింది. "గాయనెవరక్కా?" అని మెల్లగా అడిగాడు.

"బస్సు డ్రైవరు. బస్సు పంచరైందట."

"బస్సు చప్పుడు ఇనవడలేదు గదా?"

"పంచరైన బస్సుకు చప్పుడేంది తమ్మీ, తాగు!"

ఆయన తాగి చేనులోకి, ఈయన తాగి రోడ్డు మీదికి, ఎవరి ముందు దారిన వాళ్లు పోయారు. చిన్నమ్మ నేల మీద కూలబడి ముందు ఏడ్చింది, తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది. ఆ హోటల్ మీదే ఇద్దరు పిల్లలూ చదువుకున్నారు. బీడీల చాట ఆ ఇంటి గడప తొక్కలేదు.

మొన్న పోయినప్పుడు హోటల్‌ను చిన్నమ్మ పెద్దబిడ్డ నడుపుతోంది. నా బల్ల మీద పాల ప్యాకెట్ల డబ్బాలు పెట్టారు. కాలేజీ పిల్లలు కొందరు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని కూర్చున్నారు. అందులో ఒకడు బల్లను చూసి, "గిదేం డిజైనే అక్కా, ఒకల మొకం ఒకలకు కనవడది! ఎవడు చేసిండు దీన్ని?" అని పకపకా నవ్వాడు. వాడి వీపు రోడ్డుకు ఉంది. లారీలు పోతున్నాయి, ఎవరెవరో వస్తున్నారు, వాడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ వీపును చూస్తుంటే నాకు ఎందుకో కళ్లు చెమర్చాయి.

"ఎవడో తిక్కలోడు బిడ్డా" అన్నాను. నేనూ ఒక కుర్చీ లాక్కుని, కావాలనే, రోడ్డుకు వీపు పెట్టి దర్జాగా కూర్చున్నాను. రెండో గుక్క గొంతు దిగకముందే, సిగ్గులేని నా మెడ దానంతట అదే వెనక్కి తిరిగింది.