కొనేవాళ్లకు కనబడని లేబుల్

మా ప్రాంతంలో కంబళ్లను ఫోన్‌లో అమ్మడం మొదలుపెట్టింది నేనే. విడపనకల్లు నుంచి బళ్లారి దాకా ఎవరినైనా అడగండి, ఇదే చెబుతారు. వాళ్లందరికీ ఈ సంగతి చెప్పింది కూడా నేనే కాబట్టి వేరే మాట వినబడే అవకాశం లేదు.

నిజానికి మొదలుపెట్టింది మా కోడలు. బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పనికి తెల్లవారకముందే బస్సెక్కి పోయి, పొద్దుగూకినాక ఇల్లు చేరేది. వేళ్లకంటిన నీలం రంగు అన్నం కలుపుకునేటప్పుడు కూడా వదిలేది కాదు. ఇంట్లో చూస్తే నా భార్య ఉన్ని వడుకుతుంది, నేను గుంటమగ్గంలో కూర్చొని కంబళ్లు నేస్తాను. సంతలో అడిగేవాళ్లే కరువయ్యారు. గొర్రెలు కాసేవాళ్లు కూడా వానొస్తే ప్లాస్టిక్ పట్ట కప్పుకుంటున్నారు. అట్లాంటి సమయంలో ఆ పిల్ల పని మానేసి ఆన్‌లైన్ అంగడి తెరిచింది.

"ఈ చలికాలం సూస్తా మామా. కంబళ్లు కదిలితే సరే. కదలకుంటే మళ్లా బస్సెక్కుతా" అంది.

అప్పుడు నేను భుజం తట్టి ధైర్యం చెప్పానని ఊళ్లో చెప్పుకుంటూ ఉంటాను. తట్టలేదు. "గొర్రెబొచ్చును ఫోన్లో ఎవరు కొంటారమ్మా?" అన్నాను.

అంగడి తెరిస్తే చాలదట, ప్రకటనలు వేయాలట. మనం చెల్లించేకొద్దీ మన సరుకు బొమ్మ ఎక్కడెక్కడి వాళ్ల ఫోన్లలోనో కనబడుతుంది. అందుకోసం సరుకులన్నిటికీ ఒక పట్టిక ఉంటుంది. అందులో పేరు, ధర, ఫోటో పోగా, చివర్లో లేబుల్ అని ఒక గడి. ఆ సరుకు గురించి మనకు తోచిన మాట అందులో రాసుకోవచ్చు. ఒకే లేబుల్ ఉన్నవన్నీ ఒక మందలో చేరతాయి. ఏ మందకు ఎంత ప్రకటన ఖర్చు పెట్టాలో అప్పుడు తేల్చుకోవచ్చు.

"ఏది ఎట్లాంటి సరుకో నీకే తెలుసు గదా మామా, ఆ గడి నువ్వే నింపు" అని ఫోన్ నా చేతికిచ్చి, ఆమె పోస్టాఫీసుకు పోయింది.

మగ్గం గట్టున కూర్చొని నింపాను. పెద్ద కంబళికి 'బాగా అమ్ముడుపోయేది' అని రాశాను. పూజకు కూర్చునే ఆసనానికీ అదే. మిగిలిపోయిన అంచు ముక్కలతో కుట్టిన ఫోన్ సంచులకూ అదే. నా చేత్తో నేసిన దాన్ని నేనే తక్కువ చేసి ఎట్లా రాస్తాను? ఆమె తిరిగొచ్చి అడిగితే, "అంతా తూకం వేసినట్టు రాసినాలేమ్మా" అన్నాను. నమ్మింది. ఏ గడిలో ఏముందో చూడకుండానే, 'బాగా అమ్ముడుపోయేది' అన్న మందకు ప్రకటన నడిపింది.

వానలు తగ్గి, పొద్దున పూట చలి మొదలైంది. ఆర్డరు మాత్రం రాలేదు. ఒకరోజు ఆమె ఫోన్ పట్టుకొని నేరుగా మగ్గం దగ్గరికి వచ్చింది.

"మామా, ఇదేంది? అన్నిటికీ ఒకటే పెట్టినావే?"

"అన్నీ మంచివే గదమ్మా."

"దుడ్లన్నీ ఆ ఫోన్ సంచులే తినేసినాయి. ముద్దుగా ఉండాయని అందురూ నొక్కి సూస్తాండారు, కొనేవాడు ఒగడు లేడు. వాటి ఎనకాల మన పెద్ద కంబళ్లు ఎవరికీ కనబడ్నేలేదు."

"అట్లనా?"

"నాలుగిండ్ల జీవాలు ఒకే బీట్లో మేసేటప్పుడు గుర్తులెట్ల ఏస్తారో నువ్వే గదా చెప్పినావు? సంతకు తోలేదానికి ఎర్రరంగు, సూడిదానికి పసుపు, కుంటిదానికి నీలం అని. అన్నిటికీ ఎర్రరంగే పూసి సూడు, సూడిగొర్రె గూడా సంతకు పోతాది!"

రాట్నం దగ్గర నా భార్య నవ్వింది. నాకు పౌరుషం వచ్చింది. "కొనేవాళ్లు నాలుగు మంచి మాటలు సదువుకుంటారని రాసినా. అది గూడా తప్పేనా?"

"కొనేవాళ్లకు అది కనబడదు మామా."

"కనబడదా? మరి ఎవరికి?"

"మనకే. యాడ్ ఎట్ల నడపాల్నో మనకు తెలిసేదానికి."

ఇంత వయసు వచ్చింది, వినేవాడు లేని చోట గొప్పలు చెప్పుకోవడం నాకు అదే మొదలు. ఎవరూ చూడని గడిలో అబద్ధం రాస్తే మోసపోయేది నేను, ఈ పిల్ల. ఆమె మళ్లీ ఆ బస్సెక్కవలసి వస్తే అందులో నా చేయి కూడా ఉంటుంది.

"అన్నీ బయటికి తెమ్మా" అన్నాను.

వాకిట్లో పరిచాం. పెద్ద కంబళి మీద చేయి పెట్టి చెప్పాను: "ఇది గుచ్చుకుంటాది. పట్నమోళ్లు కప్పుకోలేరు."

"నిజం చెప్పేదానికి ఇంతసేపా?" అంది నా భార్య, దారం తెంపకుండానే.

"కప్పుకోకుంటే మరి దేనికి పనికొస్తాది మామా?" కోడలు అడిగింది.

"బండల మీద పరుచుకుంటే కింద సలి పైకి రాదు. నేను పుట్టినప్పట్నుంచి పండుకునేది దాని మీదనే గదా."

ఆమె 'చలికి నేల మీద పరిచేది' అని ఫోన్‌లో కొట్టింది. ఆసనాలకు 'ఏడాదంతా అడిగేవి'. ఫోన్ సంచులకు 'చూస్తారు, కొనరు'. ఒక కంబళిని నేను కాలితో పక్కకు జరుపుతుంటే పట్టుకుంది. అది, గట్టిపడాలని చింతపిక్కల గంజి చిక్కగా పట్టించి, సరిగ్గా ఎండకముందే నేను మడిచిపెట్టింది. వాసన వస్తోంది. దానికి 'అమ్మకూడదు' అని నేనే చెప్పాను. ఆ మాట నా నోటితో రావడం చూసి ఇద్దరూ నా వైపు తిరిగారు.

సంచుల మీద ఖర్చు ఆపేసింది. నేల మీద పరిచేవాటిని వేరే మందగా చేసి, ప్రకటన ఖర్చులో పెద్ద వాటా దానికే పెట్టింది. ఫోటో కూడా మార్చింది. అందులో బండల మీద కంబళి, కంబళి మీద నేను. దేశమంతా నన్ను చూసింది. సరే, నా పాదాల వరకే చూసింది.

మొదటి ఆర్డరు కాశ్మీరు నుంచి వచ్చిందని రచ్చకట్ట మీద చెప్పాను. వచ్చింది అనంతపురం నుంచి. కొన్నాళ్లకు ఆ ఇంటివాళ్లే ఇంకొకటి అడిగారు. తర్వాత బెంగళూరు, మైసూరు. మూలనున్న దొంతర తగ్గింది. నా భార్య కొత్త ఉన్ని ఏకడం మొదలుపెట్టింది.

మొన్న మార్గశిరం చలిలో ఫ్యాక్టరీ బస్సు మా వాకిలి ముందు ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏమప్పా, మీ కోడలు పనికి రాదా? మనుసులు కావాలంటాండారు" అని కేకేశాడు.

"యాడొస్తాదప్పా! ఆర్డర్లు ఊపిరాడనీకుండాయి! దిల్లీ నుంచి గూడా..."

"మామా!" లోపల పార్శిల్ కడుతూనే కోడలు అరిచింది. "లేబుల్ సరిగ్గా పెట్టు!"

డ్రైవరు నా మొహం చూశాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఈ చలికాలానికి సాలినన్ని ఉండాయిలేప్పా. నువ్వు పో."

బస్సు కదిలింది. నేను మగ్గంలోకి దిగాను.