రాహుకాలంలో చేసిన ప్రార్థన

పోయిన శనివారం మా అమ్మాయి జ్ఞానదంతం పీకించుకుంది. ఆ సంగతి నగరి నుంచి నా తోడికోడలు ఫోన్ చేసి చెబితే నాకు తెలిసింది. నేనూ మా అమ్మాయీ ఉండేది తిరుపతిలోనే. దాని ఇంటికీ నా ఇంటికీ మధ్య రెండు వీధులు, ఒక టీ అంగడి, అంతే. అయినా దవడ వాచిపోయి, నోట్లో దూది కుక్కుకుని, మాట పెగలని స్థితిలో కూడా ఆ పిల్ల ఎక్కడో నగరిలో ఉన్న పిన్నమ్మకే ఫోన్ చేసింది. పైగా ఆ పిన్నమ్మ నన్నడుగుతుందీ, "బిడ్డ గంజి తాగిందా అక్కా?" అని! నా బిడ్డ గంజి తాగిందో లేదో నన్ను! ఒళ్ళు మండిపోయింది. తల నెరిసింది, మోకాళ్ళు పట్టేశాయి, చర్చి స్త్రీల కూటంలో అందరూ నన్ను పెద్దమ్మా అంటారు. అయినా దాచుకోవడం దేనికి, నాకు నా తోడికోడలంటే అసూయ. ఇవాళా నిన్నా పుట్టింది కాదు. మా అమ్మాయి పలకా బలపం పట్టిన నాటి నుంచీ ఉంది.

అప్పట్లో మేమంతా నగరిలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. మా మరిది ఇష్టపడి పెళ్ళి చేసుకుని తెచ్చిన పిల్ల ఆమె. మగ్గాలున్న ఇంటి నుంచి వచ్చింది, పనిమంతురాలు, కానీ వట్టి భయస్తురాలు. పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి మంచినీళ్ళు తాగి కూర్చునేది. బల్లి మీద పడితే ఆ పూటంతా ముద్ద దిగేది కాదు. ఇక రాహుకాలం సంగతి సరేసరి. రోజుకో గంటన్నర మంచిది కాదని, ఆ వేళలో గడప దాటకూడదని, ఏ పనీ మొదలుపెట్టకూడదని ఆమె పట్టు. మేము నవ్వుకునేవాళ్ళం. ఆమెను చర్చికి రమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు. తనే ఆదివారం మాతో వచ్చి ఆఖరి చాప మీద కూర్చునేది. రెండేళ్ళు అలా కూర్చుని కూర్చుని, ఒకరోజు తనంతట తనే బాప్తిస్మం అడిగింది.

మా చర్చిలో ఆరాధన ముగిసే ముందు సాక్ష్యం చెప్పే అలవాటు ఉంది. దేవుడు తమ బతుకులో చేసిన మేలును లేచి నిలబడి అందరికీ చెప్పుకోవాలి. మాలాంటి పుట్టు క్రైస్తవులకు అదొక పెద్ద ఇబ్బంది. చెప్పుకోవడానికి మాకేముంటుంది? తాగుడు మానేశానని చెబుదామంటే అసలు తాగితే కదా! అందుకని నా సాక్ష్యం ఎప్పుడూ ఒకటే. "వారమంతా కాపాడిన దేవునికి స్తోత్రం" అనేసి చీర సర్దుకుని కూర్చోవడం. ఆ ఆదివారం ఆమె లేచింది. "నాకు పొద్దున లేస్తే భయం, పండుకుంటే భయం. ఇప్పుడు యాడికైనా, ఎప్పుడైనా పోతాను. మనసే కొత్తదయిపోయిండాది" అంది. అంతే, ముసలమ్మలు ముక్కులు చీదారు. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మనసు మారి కొత్తది కావడమంటే ఇదీ, ఈ బిడ్డను చూసి నేర్చుకోండి అన్నారు. నా పుట్టిల్లూ ఆ ఊరే, ఆ చర్చి గోడలకు మా తాత రాళ్ళు మోశాడు. నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉన్నాను. నా కోసం ఏనాడైనా ఒక్కరు ముక్కు చీదారా? ఇంటికొచ్చి ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పాలి. మా వంటింటి గోడకు చర్చివాళ్ళిచ్చిన క్యాలెండర్ ఉండేది. దాని వెనక, అదే మేకుకు, సరుకుల అంగడివాళ్ళిచ్చిన మరో క్యాలెండర్ ఉండేది. రాహుకాలం వేళలు అందులో ఉంటాయి. మా అవ్వ ప్రభువును నమ్ముకున్న నాటి నుంచి వాక్యం చదివింది, ప్రార్థన చేసింది, కానీ వేళ చూడకుండా మాత్రం గడప దాటలేదు. మా అమ్మా అంతే. ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, చూసి నేర్చుకున్నాను. బయటికి తెలియకుండా ఉండటానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. వేళ బాగా లేకపోతే ప్రార్థన మొదలుపెట్టేదాన్ని. బయలుదేరే ముందు ప్రార్థన చేసుకుంటుంటే కాదనేదెవరు? వేళ దాటాక ఆమెన్ అనేదాన్ని. మా ఆయన ఊరంతా చెప్పుకునేవాడు, మా ఆమె ప్రార్థనాపరురాలని.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు, ఒక శనివారం పొద్దున సైకిలు మీంచి పడింది. ఎడమ చేయి మోచేతి కింద వంకర పోయింది. మగవాళ్ళు పనికి వెళ్ళిపోయారు. పుత్తూరుకు తీసుకెళ్ళి కట్టు కట్టించాలి, బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. డబ్బు తీసుకున్నాను, చెప్పులేసుకున్నాను, గడియారం చూశాను. పదికి అయిదు నిమిషాలు తక్కువ. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం! నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. చెప్పులు విప్పి, "ముందు ప్రార్థన చేసుకుందాం" అని మోకరించాను. తోడికోడలు పిల్ల చేతికి స్కేలు ఆనించి తువ్వాలు చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను బిడ్డ చేయి కోసం ప్రార్థించాను. తర్వాత పాస్టరుగారి కోసం, వారి కుటుంబం కోసం, ఊళ్ళో జబ్బుపడిన వాళ్ళ కోసం, వానల కోసం, దేశాన్ని ఏలేవాళ్ళ కోసం. మధ్య మధ్య ఒక కన్ను తెరిచి గడియారం చూసుకుంటూ. "మా, ఆమెన్ చెప్పు మా" అని పిల్ల ఏడ్చింది. నేను విదేశాల్లోని దైవసేవకుల కోసం మొదలుపెట్టాను.

"ఆమెన్!" అంది నా తోడికోడలు గట్టిగా. కళ్ళు తెరిచేసరికి పిల్లను ఎత్తుకుని గడప అవతల ఉంది. "మిగతాది బస్సులో చేసుకుందువు రాక్కా. ఆ గంటన్నర సంగతి నాకు తెలీదా? నేను పెరిగింది దాంట్లోనే కదా" అంది. నవ్వలేదు, దెప్పలేదు. అదే నాకు మరీ కష్టమయింది. పుత్తూరులో కట్టు కట్టే పెద్దాయన వాపు చూసి, "ఎంతసేపయింది పడి?" అంటే "ఇప్పుడేనయ్యా" అన్నాను. ఆమె పిల్ల కన్నీళ్ళు తుడిచింది.

ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. రేపు సాక్ష్యంలో ఈ మహాతల్లి నా బండారం బయటపెడుతుంది, ఇక చర్చిలో తలెత్తుకుని తిరిగినట్టే అనుకున్నాను. అనుకున్నట్టే ఆమె లేచింది. "బిడ్డ సెయ్యి ఇరిగినప్పుడు మా అక్క మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసింది. నాకు అంత ఓపిక లేకపాయ, బిడ్డను ఎత్తుకొని పరిగెత్తినాను" అంది. ఒక్క ముక్క అబద్ధం లేదు. అందరూ నా వైపు తిరిగి స్తోత్రం అన్నారు. పాస్టరుగారు నన్ను మెచ్చుకున్నారు, ఆమెకు ఓపిక అలవరచుకొమ్మని చెప్పారు. ఆమె తల ఊపింది. అన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన మెప్పు అది. నా నోటికి చేదుగా తగిలింది. నేను లేచి అసలు సంగతి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అంత మంచిగా ఉండటం ఆమెకెలా చేతనయిందా అని కుళ్ళుకుంటూ కూర్చున్నాను.

చేయి చక్కగా అతుక్కుంది. పిల్ల మాత్రం పిన్నమ్మ కొంగు పట్టుకుంది. జ్వరమొస్తే పిన్నమ్మ, పరీక్షంటే పిన్నమ్మ, కాన్పు నొప్పులొస్తే పిన్నమ్మ. మందు పెట్టిందనలేను గానీ, తియ్యటి మాటలు చెప్పి నా బిడ్డను లాగేసుకుందని నమ్మాను. ఆ నమ్మకం మీదే ఇన్నేళ్ళు బతికాను. వెనక క్యాలెండర్‌ను మాత్రం ఎప్పుడో పొయ్యిలో పెట్టాను. దేవుడి మీద భయంతోనో, ఆమె ముందు సిగ్గుతోనో ఇప్పటికీ తేల్చుకోలేను.

మొన్న ఆదివారం సాయంత్రం గంజి కాచి తీసుకుని అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అది తాగుతుంటే పక్కన కూర్చుని, ఎందుకో నోరు జారినట్టే చెప్పేశాను. "ఆ రోజు నేను చేసింది ప్రార్థన కాదమ్మా. వేళ దాటాలని సాగదీసినాను."

అది గ్లాసు దించింది. "తెలుసు మా. నువ్వు గడియారాన్ని చూస్తా ఉన్నావు. నేను నిన్ను చూస్తా ఉన్నాను."

"మరి ఎప్పుడూ అడగలేదే?"

"ఏమని అడగల్ల? పిన్నమ్మ ఎత్తుకునింది కదా."

కోపంగా అనలేదు. నా చేతి మీద చేయి వేసే అంది. నా తోడికోడలు ఎవరినీ లాగేసుకోలేదు. నేను వదిలేసి కూర్చుంటే ఎత్తుకుంది. ఆమె మనసు మారడానికి రెండేళ్ళు పట్టిందని ఆ రోజుల్లో అంతా వింతగా చెప్పుకున్నాం. నాకు ఇరవై ఏళ్ళు పట్టింది, అదీ ఇంకా సగమే. నా కోసం దేవుడు ఆగాడేమో గానీ, నా బిడ్డ బాల్యం ఆగలేదు.